పట్టుచెంగు చుట్టిన వేలు

ఎవరేమడిగినా సోమిదేవమ్మగారు వత్తులు చేసుకుంటూనే వినేవారు. ఆ సాయంత్రం భాగవతం ముగిశాక శిష్యుడు వాసుదేవశర్మ కాస్త విసుగ్గానే అడిగాడు.

"అమ్మగారూ, మా అమ్మకు ఫోను నేర్పడంతో నా తల ప్రాణం తోకకొస్తోంది. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? ఆ వయసులో ఇవి బుర్రకెక్కవు కదండీ?"

ఆవిడ ఎక్కుతాయనీ అనలేదు, ఎక్కవనీ అనలేదు. తాము ఎరిగిన మాణిక్యాంబ సంగతి చెప్పుకొచ్చారు.

మాణిక్యాంబకు ఫోను కొన్ననాడు మనవరాలు సాహితి నిలుచున్నపళంగా పాఠం చెప్పేసింది. "పచ్చ గుండ్రం కనబడితే వేలితో పైకి తొయ్యి. అంతే."

"ఎందుకే, నొక్కితే చాలదూ?"

"ఎందుకేమిటి నానమ్మా, చెప్పినట్టు చెయ్యి."

మాణిక్యాంబ నొచ్చుకోలేదు. మడి ఎందుకని ఆ పిల్ల చిన్నప్పుడు అడిగితే తానూ ఆ మాటే అన్నది.

అత్తగారి తద్దినం నాడే విశాఖపట్నంలో చెల్లెలు కామాక్షికి గుండె ఆపరేషను పడింది. లోపలికి తీసుకుపోయేముందు నీ మొహం ఒకసారి చూస్తానక్కా అని ముందురోజే చెప్పింది చెల్లెలు. అందుకని మాణిక్యాంబ స్నానానికి వెళ్ళకముందే ఫోనును వంటింటి కిటికీలో ఆనించి పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని మడివంటకు దిగింది.

పదకొండింటికి మోగింది. బాణలిలో గారెలున్నాయి. ముట్టుకుంటే మడి పోతుంది, వంటంతా మళ్ళీ మొదలు. భోక్తలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పట్టుకు మైల అంటదని పట్టుచెంగు వేలికి చుట్టుకుని పచ్చ గుండ్రాన్ని పైకి తోసింది. కదల్లేదు. ఇంకా గట్టిగా తోసింది. చెల్లెలి పేరు కింద, ఆ అద్దంలో, చెమటపట్టిన తన మొహమే తనకు కనబడుతోంది. మోగి మోగి ఆగిపోయింది. సాహితిని రెండు కేకలు వేసింది. మేడమీద ఆ పిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది. తద్దినం పెడుతున్న మగవాళ్ళు పీటల మీంచి లేవకూడదు. రెండోసారి మోగింది. మూడోసారీ మోగింది.

చెల్లెలికంటే మడే ఎక్కువనుకునే మనిషి కాదావిడ. కాని అడ్డు చెంగని తెలిస్తే కదా వదలడం? తన వేలికే చేతకాలేదనుకుంది.

కామాక్షి ఆపరేషను బల్ల మీంచి లేవలేదు.

కబురు తెలిశాక సాహితి ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉందిగా. గుడ్డతో తోస్తే పలకదు నానమ్మా, చర్మం తగలాలి. చంటిపిల్లలకైనా తెలుసు."

"నాకు చెప్పావుటే?"

"నువ్వు గుడ్డ చుట్టుకుంటావని నేను కలగన్నానా?"

"కలెందుకే. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను చూస్తూనే ఉన్నావుగా" అంది మాణిక్యాంబ, గొంతు పెంచకుండా.

సోమిదేవమ్మగారు అక్కడితో ఆపేశారు. వాసుదేవశర్మ "తరవాతైనా నేర్చుకున్నారా ఆవిడ?" అన్నాడు.

"నేర్చుకుంది నాయనా. ఎంతసేపు పట్టిందనుకున్నావు? ఒక్క మాట. ఆ మాట రావడమే మూడు పిలుపులు ఆలస్యమైంది."