రెట్ట కాదు, పాము కాదు

అనగనగా ఒక రాజ్యం. అక్కడ నిమ్మపూల వాసన కోటగోడ దాటి ఊరంతా తిరిగొచ్చేదట. ఆ వాసనంతా ఒకే ఒక్క చెట్టుది. చనిపోయిన రాణిగారు తన చేతులతో నాటిన చెట్టు అది. తల్లిలేని రాకుమార్తె హేమవల్లి రోజూ దాని కిందే ఆడుకునేది.

ఆ కొలువులో నరహరిభట్టు అనే ముసలి పండితుడు ఉండేవాడు. మంచివాడే, చదువుకున్నవాడే. కాని ఒక జబ్బు ఉంది. ఏది అడిగినా ఠక్కున చెప్పేయాలి. 'తెలియదు' అనడమంటే ఆయనకు తల కొట్టేసినట్టే.

ఒకనాడు నిమ్మాకుల మీద నల్లగా, తెల్లగా ఏవో మచ్చలు కనిపించాయి. ఆకుల అంచులు కొరికేసి ఉన్నాయి.

"ఏమిటివి భట్టుగారూ?" అన్నాడు రాజు.

దగ్గరికైనా వెళ్లకుండా చెప్పాడు భట్టు. "పిట్టరెట్టలు మహారాజా! ఆకులు కొరుకుతున్నదీ ఆ పిట్టలే. తోలించండి."

డప్పులు మోగాయి. పిట్టలన్నీ పారిపోయాయి. చెట్టు మాత్రం ఇంకా బోసిపోయింది.

మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి కొమ్మ మీద పచ్చగా, లావుగా ఒకటి కదులుతోంది. రాజు వేలు తగలగానే తల మీద రెండు ఎర్రకొమ్ములు చాచింది. ఘాటైన వాసన గుప్పుమంది.

భట్టు ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. అయినా నోరు ఊరుకుంటుందా? "పచ్చపాము పిల్ల మహారాజా! పొగ పెట్టించండి."

పొగ పెట్టారు. సెగకు సగం చెట్టు మాడింది. పులి మీద పుట్ర అంటే ఇదే.

మూడోసారి భట్టు వచ్చేసరికి ఒక్క పచ్చకొమ్మ మిగిలింది. హేమవల్లి చెట్టును కావలించుకుని ఉంది.

"తాతగారూ, అమ్మ చెట్టు బతుకుతుందా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల కళ్లలోకి చూశాక బయటికి రాలేదు. ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"తెలియదు తల్లీ" అన్నాడు. "ఆ పురుగేమిటో కూడా నాకు తెలియదు. అప్పుడూ తెలియదు."

కొలువంతా ముక్కున వేలేసుకుంది.

భట్టు ఎవరినీ పట్టించుకోలేదు. రెట్టలాంటిది ఒకటి ఉన్న రెమ్మను కోసి, చెంబు నీళ్లలో నిలబెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. తిండి మరిచిపోయి చూశాడు. ఒక ఉదయం ఆ రెట్ట వీపు పగిలింది. పాత తోలు విడిచి, పచ్చని పురుగు బయటికి పాకింది!

"ఓరి నీ అసాధ్యం కూలా! రెండూ నువ్వేనా?" అని నవ్వాడు. వెంటనే మొహం వాడిపోయింది. "పిట్టలుంటే వీటిని ఎప్పుడో ఏరుకు తినేవి. తోలించింది నేనే!"

గింజలు చల్లించి పిట్టలను మళ్లీ పిలిచాడు. పురుగులకు ఒక్కో చెట్టు ఆకూ తెచ్చి పెట్టి చూశాడు. మారేడాకు తిన్నాయి. పిట్టలు తినగా మిగిలిన పురుగులను తన చేత్తో ఏరి, కోట బయటి మారేడుతోపులో వదిలాడు.

వానలు పడ్డాయి. మాడిన కొమ్మల పక్కన చిగురు వేసింది. హేమవల్లి పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బతికింది తాతగారూ! మరి పూలెప్పుడు పూస్తుంది?"

"తెలియదు తల్లీ. రా, రోజూ చూద్దాం."

తెలియదని ఒప్పుకున్న చోటే తెలివి మొలకెత్తుతుంది.