ఎల్లవ్వ పట్నం చూసిన పటం

మూడు రోజుల నుంచి ఐలేష్ తన పటం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ మూడు రోజుల్లో ఆ పటం ముందు మూడు నిమిషాలు నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు.

చలికాలం వచ్చిందంటే హైదరాబాదులో జనం ఇళ్ళల్లో ఉండరు. నాంపల్లిలో నుమాయిష్, ఒకచోట పూల ప్రదర్శన, ఇంకోచోట పుస్తకాల సంబరం. ఈ బొమ్మల ప్రదర్శనకూ జనం బాగానే వస్తున్నారు. హాలంతా కిటకిటలాడుతోంది. ఐలేష్ పటం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే తంతు. "భలే ఎర్రగా ఉందే!" అంటారు. ఆ ఎరుపు ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. పోతారు.

పది నెలల కష్టం అది. బట్టకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్ర రంగు నింపి, పన్నెండు గళ్ళు గీశాడు. పల్లె నుంచి రెండు రోజులకని కూతురింటికి వచ్చిన ఎల్లవ్వ అనే ముసలమ్మ ఏడాది ఉండిపోయి పట్నమంతా చూడటమే కథ. గ్యాలరీ పద్ధతి తెలిసినవాణ్ణని, పటాన్ని పైకప్పు నుంచి నేల దాకా వేలాడదీశాడు. లైట్లు వేయించాడు. ఒక్కో గడి పక్కన దాని కథ రాసి చీటీ అంటించాడు.

నాలుగో రోజు పొద్దున ఫ్లెక్సీల షాపు యజమానికి ఫోన్ చేశాడు. "రేపట్నుంచి పనిలోకొస్త, అన్నా. ఇగ కుంచె పట్ట."

ప్రదర్శన ఇంకా మూడు రోజులుంది. అయినా సాయంత్రానికి పటం దించేద్దామనుకున్నాడు. కథలు చెప్పేవాళ్ళకు పటాలు గీసిచ్చే పని నేర్పిన గురువు మార్కండయ్య ఆ రోజే చూడటానికి వస్తానన్నాడు. ఆయనకు చూపించి, మాట చెప్పి, దణ్ణం పెట్టుకుంటే అయిపోతుంది.

పదింటికి రావాల్సిన గురువు రెండింటికి వచ్చాడు. భుజాన కండువా, చేతిలో సగం తిన్న జామకాయ.

"ఇంతసేపా పెద్దయ్యా? పదింటి నుంచి చూస్తున్న."

"సాలార్‌జంగ్ మ్యూజియంల గడియారం చూసిన బిడ్డా. అండ్లకెల్లి ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడతది. పన్నెండు కొట్టేదాక కూసున్న. నాతోని రెండొందల మంది కూసున్నరు."

"నా బొమ్మ కాడ ఇద్దరు కూడా నిలబడ్తలేరు," అన్నాడు ఐలేష్. షాపు మాట చెప్పేశాడు. "తొమ్మిదేండ్లు నేర్పినవ్. పాపం, నీ కష్టం వమ్మయింది."

మార్కండయ్య జామకాయ తినడం పూర్తిచేసి చేతులు తుడుచుకున్నాడు. పటాన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు.

"దించు."

ఐలేష్‌కు ఒక్క ఆశ ఉండేది, ఆయనైనా బాగుందంటాడని. నిచ్చెన వేసి దించాడు. గురువు నేలమీద కూర్చుని, కింది కొస నుంచి మొత్తం చుట్టేశాడు. పై గడి ఒక్కటే బయట ఉంచాడు. చీటీలన్నీ పీకి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తలుపు దగ్గరున్న వాచ్‌మన్‌ను పిలిచాడు.

"తమ్మీ, గీ పైకర్ర జర పట్టుకో. నేను కింద విప్పుతుంటే నువ్వు పైన చుట్టాలె."

ఆ ఒక్క గడిలో ఎల్లవ్వ జూబ్లీ బస్టాండులో బస్సు దిగుతోంది. నెత్తిమీద గంప.

"ఎవలీమె?" అన్నాడు మార్కండయ్య, అందరికీ వినబడేలా.

"నీకెర్కనే గద పెద్దయ్యా."

"నాకేమెర్క? గీసినోనివి నువ్వు."

ఐలేష్ కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఈమె... ఎల్లవ్వ. బిడ్డను చూసిపోతనని రెండు దినాలకొచ్చింది. గంపల మామిడికాయలున్నయి. కండక్టర్ గంపకు కూడా టికెట్ అడిగిండు. 'గంప నీ సీట్ల కూసున్నదా, నా నెత్తి మీద కూసున్నదా?' అన్నదీమె."

వాచ్‌మన్ పకపకా నవ్వాడు. "గట్లనే అడగాలె! మరి బస్సు దిగినంక ఎటు పోయింది?"

ఐలేష్ అతని వంక చూశాడు. మూడు రోజులుగా ఈ పటం ఎదురుగానే ఉండీ ఆ మనిషి దీని సంగతి ఒక్కసారీ అడగలేదు.

"విప్పు పెద్దయ్యా," అన్నాడు ఐలేష్.

రెండో గడి విచ్చుకుంది. చార్మినార్ దగ్గర గాజుల బేరం. ఒక పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చి కూర్చుంది. మూడో గడిలో గోల్కొండ బోనాలు. కాలేజీ పిల్లలు సెల్ఫీ తీసుకుందామని వచ్చి, ఫోన్లు దించి వినసాగారు. ట్యాంక్‌బండ్ మీద వానలో మొక్కజొన్న కంకి కోసం ఎల్లవ్వ అల్లుడితో అలిగింది. "మా అత్త అచ్చం ఇట్లనే!" అంది వెనక నుంచి ఒకావిడ. హాలంతా నవ్వింది. పక్క గదుల్లోని జనం ఏమిటా అని వచ్చారు. చూస్తుండగానే మనిషి దూరే సందు లేకుండా పోయింది. తమ బొమ్మలు వదిలేసి మిగతా చిత్రకారులు కూడా వచ్చి గోడకానుకున్నారు.

ఐలేష్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు.

పదో గడి. నుమాయిష్‌లో జెయింట్ వీల్. "కండ్లు మూసుకోమని బిడ్డ మొత్తుకుంటున్నది. ఎల్లవ్వ మూయలే. చక్రం పైకి పోయింది, ఇంకా పైకి పోయింది. ఆడికెల్లి పట్నమంతా చూసింది. చూసి, 'ఆగు! అగ్గో, అదేంది?' అని చెయ్యి చాపింది..."

మార్కండయ్య పటం చుట్టేశాడు.

"అయ్యో!" హాలంతా ఒక్క అరుపు. "ఏం కనిపించింది? చెప్పండి!"

"రేపు," అన్నాడు మార్కండయ్య.

అరుపులు, ఈలలు, చప్పట్లు. ఇందాకటి పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టింది. వాళ్ళమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. "రేపు ఎన్నింటికి బాబూ? మా అత్తయ్యను కూడా తీసుకొస్తా."

"పదకొండుకొచ్చేయండమ్మా," అన్నాడు ఐలేష్. అని, ఫోన్ తీశాడు. "అన్నా, నేనొస్తలేను. రేపు నాకు కథ ఉంది."

జనం వాదించుకుంటూ మెట్లు దిగుతున్నారు. సముద్రం అయ్యుంటుందని ఒకరు, కాదు, సొంత ఊరే కనిపించి ఉంటుందని ఇంకొకరు. ఐలేష్ ఆ మాటలన్నీ చెవులారా విన్నాడు.

"పెద్దయ్యా, ఇంకా రెండే గళ్ళున్నయి గదా. ఆళ్ళు గంతగనం అడుగుతుంటే ఎందుకాపినవ్?"

మార్కండయ్య పటాన్ని తీసి శిష్యుడి భుజాన పెట్టాడు.

"ఆ రెండూ ఇయ్యాల ఆళ్ళు గీసుకుంటరు బిడ్డా."