చక్రానికి పెట్టిన పసుపు

అనగనగా ఒక కాలం. ఏ యేడాదో అడగకండి, చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. తిథీ వేళా మాత్రం అది జరిగిన ఇల్లు మరిచిపోలేదు. ఆశ్వయుజ శుద్ధ నవమి, గురువారం, పొద్దున తొమ్మిదిన్నర గంటలకి అసిరయ్య కుడిచేతి బొటనవేలు తెగింది.

అసిరయ్య ఎవరంటే, సైకిలు చక్రాలకి టైర్లు ఎక్కించేవాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపినా పది సైకిళ్లు లేని రోజులవి. ఆ పదింటి బాగోగులూ అసిరయ్యే చూసేవాడు. పురాణం చెప్పే పేరిశాస్త్రిగారి ప్రహరీ గోడకి ఆనించి తాటాకు పందిరి వేసుకున్నాడు. గోడ వాళ్లది, నీడ వాళ్లది. కూర్చుంటున్నది మాత్రం అసిరయ్య.

అతని పనితీరు ఇలా ఉండేది. నేలమీద చతికిలబడి, చక్రాన్ని ఎదురుగా నిలబెట్టి, రెండు పాదాలూ రిమ్ముకి అడుగున తన్నిపెట్టేవాడు. టైరు అంచుని రెండు బొటనవేళ్లతో నొక్కుకుంటూ చుట్టూ వచ్చేవాడు. అంతా సులువే. చివరి జానెడు దగ్గరే ఉంటుంది తంటా. అక్కడ టైరు మొండికేస్తుంది. కాళ్లు చక్రాన్ని కదలకుండా పట్టాలి, వేళ్లు అంచుని దాటించాలి. చాలామంది అక్కడ ఇనప పట్టీ దూర్చి ఎత్తేస్తారు. అసిరయ్య ఆ పట్టీని పందిట్లోకే రానిచ్చేవాడు కాదు.

"ఇనుము పెడితే ట్యూబు సచ్చిపోద్ది. ఏలు పెడితే బతుకుద్ది" అనేవాడు.

అలా ఎన్ని చక్రాలో. ఎవరూ లెక్కపెట్టలేదు, ఎవరూ తప్పుపట్టలేదు. శ్రావణమాసంలో ఒకనాడు పేరిశాస్త్రిగారి ముందు చక్రానికి టైరు మార్చాల్సి వచ్చింది. వాకిట్లోనే చేయమన్నారు. అసిరయ్య కూర్చుని పాదాలు ఆనించాడో లేదో, శాస్త్రిగారు అరుగు మీంచి దిగివచ్చారు.

"ఒరేయ్ అసిరీ! తియ్యి కాలు! చక్రంరా అది. విష్ణుమూర్తి చేతిలో ఉండేదిరా. మేం నవమినాడు పసుపు పెట్టి మొక్కే చక్రానికి నువ్వు కాలు పెడతావా?"

"కాలు పెట్టకపోతే ఎక్కదు బాబూ. సివరి జానెడు శానా బిగువు. కొంచెం కాలు పెట్టుకోమంటారా?"

"నీ కాలికి అంత బలముంటే సైకిలెందుకురా నాకు? నువ్వే మోసుకుపో పురాణానికి."

అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. అసిరయ్య కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. కాళ్లు మడిచి, చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, ఉత్త వేళ్లతోనే ఎక్కించాడు. గోరు నల్లబడింది.

శాస్త్రిగారి కోడలు జగదాంబ గుమ్మంలో నిలబడి చూసింది. నోరు విప్పలేదు.

భాద్రపదంలో వెనక చక్రం. మళ్లీ అసిరయ్యే వచ్చాడు.

"బాబూ, కాలు పెట్టుకోమంటారా?"

"ఒకసారి చెప్పాను కదురా. గోడ అవతల పందిరి ఉంచుకోవాలని ఉందా లేదా నీకు?"

నల్లబడిన గోరు ఊడిపోయింది. టైరు ఎక్కింది.

జగదాంబ గుమ్మంలో నిలబడి చూసింది. నోరు విప్పలేదు.

ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే స్వామివారి ఇత్తడి పాదాలు కడిగి, తులసి వేసి, ఆ నీళ్లు తీర్థంగా పుచ్చుకుంటారు. కడిగేది జగదాంబే. పాదాలు తుడుస్తున్నప్పుడల్లా ఆమెకి అసిరయ్య మడిచిపెట్టుకున్న కాళ్లు గుర్తొచ్చేవి. మావగారితో ఒక్కమాట చెబుదామనుకునేది. రేపు చెబుదాం అనుకునేది.

నవమి వచ్చింది. పూజకి కొత్త టైరు ఉండాలని శాస్త్రిగారు పట్నం నుంచి తెప్పించారు. అది అన్నిటికన్నా బిగుతు. రిమ్ము పాతది, అంచున తుప్పు. పూజకి వేళవుతోంది. పీట వేశారు, ముగ్గు పెట్టారు. జగదాంబ చేతిలో పసుపు గిన్నె ఉంది.

"బాబూ, ఇదొక్కసారి. కాలు పెట్టుకోమంటారా? కడుక్కొచ్చి పెడతాను."

"కడిగినా కాలు కాలే."

అసిరయ్య కాళ్లు మడుచుకున్నాడు. చక్రాన్ని పొట్టకి అదుముకున్నాడు. బొటనవేళ్లు అంచుమీద పెట్టాడు. ఒకసారి నొక్కాడు, జారింది. రెండోసారి నొక్కాడు, జారింది. మూడోసారి ఒంట్లో ఉన్న బలమంతా వేళ్లలోకి తెచ్చుకుని నొక్కాడు. టైరు టక్కున ఎక్కింది. చక్రం పట్టు తప్పి తిరిగింది. తుప్పు పట్టిన అంచు కుడి బొటనవేలిని లోపలి దాకా కోసుకుపోయింది.

రిమ్ము మీద ఎర్రగా కారింది.

"అమ్మా," అన్నాడు అసిరయ్య, జగదాంబ వైపు చూసి. "సిటికెడు పసుపుంటే ఇలా పడెయ్యండమ్మా."

జగదాంబ ఒక అడుగు ముందుకేసింది.

"ఇంకా దేవుడికి పెట్టలేదు," అన్నారు శాస్త్రిగారు. "చక్రం మీద రక్తం పడింది. ముందు అది కడగండి."

మూడు చెంబుల నీళ్లు పోశారు చక్రం మీద. శుభ్రంగా తుడిచారు. మూడు చోట్ల పసుపు పెట్టారు, మూడు చోట్ల కుంకుమ పెట్టారు. పెట్టింది జగదాంబే. అసిరయ్య పక్కనున్న గ్రీజు గుడ్డ తీసి వేలికి చుట్టుకున్నాడు.

పూజ అవగానే ఇద్దాం అనుకుంది ఆమె. పూజ అయింది, నైవేద్యం ఉంది. నైవేద్యం అయింది, హారతి ఉంది. హారతి అయ్యాక పసుపు కొంగున కట్టుకుని గోడ అవతలికి వెళ్లింది. పందిట్లో ఎవరూ లేరు. నేలమీద ఎర్రటి చుక్కలు ఇంటిదారి పట్టి ఉన్నాయి.

ఆ చుక్కల వెంట వెళ్లి ఉంటే ఇల్లు దొరికేది. వెళ్లలేదు. పండగపూట కోడలు ఆ పేటకి వెళ్లడమా అని, తనకి తానే చెప్పుకుని వెనక్కి వచ్చేసింది.

వారం తిరిగాక అసిరయ్య భార్య బంగారమ్మ వాకిట్లోకి వచ్చింది. జగదాంబ పరుగున వెళ్లింది.

"ఎలా ఉంది బంగారమ్మా, వేలు?"

"ఏలు కాదమ్మా ఇప్పుడు. దవడ బిగుసుకుపోనాది. ఒళ్లంతా విల్లులా వంగిపోతోంది. గంజి పోత్తే దిగట్లేదు."

"అయ్యో. నన్నేమైనా అడిగాడా?"

బంగారమ్మ ఆమెని ఎగాదిగా చూసింది.

"మూడుసార్లు అడిగాడంట కదమ్మా మీ వాకిట్లో. ఇప్పుడు అడగడానికి నోరు తెరుసుకోదు."

జగదాంబ, రోజూ చీర మార్చినా మళ్లీ కట్టుకుంటూ వచ్చిన కొంగు ముడి విప్పింది. ముడిలో పసుపు అలాగే ఉంది. బంగారమ్మ దాన్ని చూసింది, తీసుకోలేదు.

"పండగనాడు పనికొచ్చుండేది" అని వెళ్లిపోయింది.

నవమి వెళ్లిన పన్నెండో రోజు, మంగళవారం సాయంత్రం అసిరయ్య పోయాడు. కట్టెల మీద పడుకోబెట్టినప్పుడు కూడా రెండు కాళ్లూ ముందుకి తన్నిపెట్టుకునే ఉన్నాడట, ఎదురుగా చక్రం ఉన్నట్టు. చూసినవాళ్లు చెప్పారు.

మర్నాడు పొద్దున్న పేరిశాస్త్రిగారు పొరుగూరు పురాణానికి వెళ్లాలి. సైకిలు బయటికి తీస్తే వెనక చక్రంలో గాలి లేదు. ముల్లు దిగింది. గోడ అవతల పందిట్లో మనిషి లేడు. రెండూళ్ల అవతలి నుంచి సూరప్పడని ఒకతన్ని పిలిపించారు. అతను వాకిట్లో కూర్చున్నాడు, టైరు విప్పాడు, ట్యూబుకి మాసిక వేశాడు. మళ్లీ ఎక్కించడానికి అలవాటుగా కాళ్లు ఎత్తాడు. ఎత్తినవి గాల్లోనే ఆపాడు.

"ఈ ఇంట్లో సక్రానికి కాలు తగలకూడదంట కదా బాబూ?"

శాస్త్రిగారు గోడవైపు తిరిగారు.

"పెట్టుకో," అన్నారు. "నాకు వేళవుతోంది."

సూరప్పడు కాళ్లు పెట్టాడు. చివరి జానెడు ఒక్క నొక్కుతో ఎక్కింది. అంతే. అంత చిన్న పని అది.

లోపల జగదాంబ స్వామి పాదాలు కడుగుతోంది. ఆ 'పెట్టుకో' ఆమె చెవిన పడింది. మూడుసార్లు అడిగినవాడికి దొరకని మాట, అడిగీ అడగకముందే వేరేవాడికి దొరికింది. ఆమె లేచింది. దేవుడి ముందు పసుపు గిన్నె తీసుకుని వాకిట్లోకి వచ్చి, సూరప్పడి ఎదురుగా కూర్చుంది.

"చేతులు చాపు నాయనా."

"నాకేటీ తగల్లేదమ్మా!"

"తగలకముందే."

"ఇంకా దేవుడికి పెట్టలేదు కదమ్మా," అన్నారు శాస్త్రిగారు.

"దేవుడికి తరవాత పెడతాను మావయ్యగారూ," అంది జగదాంబ. ఆ ఇంట్లో ఆయనకి ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. సూరప్పడి రెండు బొటనవేళ్లకీ పసుపు పూసింది. మిగిలింది చక్రానికి పెట్టింది. శాస్త్రిగారు సైకిలెక్కి పురాణానికి వెళ్లిపోయారు.

ఇప్పటికీ ఆ ఊళ్లలో నవమినాడు చక్రానికి ముందుగా పసుపు పెట్టరు. టైరు ఎక్కించేవాణ్ణి పిలుస్తారు. అందరూ చూస్తుండగా కాళ్లు చక్రానికి ఆనించి కూర్చోమంటారు. ఇంటి కోడలు అతని బొటనవేళ్లకి పసుపు పూస్తుంది. "నాకేం తగల్లేదమ్మా" అనాలి అతను. "తగలకముందే" అనాలి ఆమె. ఆ తరవాతే చక్రం, ఆ తరవాతే దేవుడు.

చిన్నపిల్లలు అడుగుతారు, మరి అసిరయ్యకి ఎవరు పెట్టారు పసుపు అని.

ఎవరూ పెట్టలేదమ్మా. అందుకే పెడుతున్నాం.