పొగనాగు గుడ్డు, సగం మాట

ఒకానొక రాజ్యంలో మాట పూర్తి చేసే అదృష్టం ఎవరికీ ఉండేది కాదు.

ఎందుకంటే, ఎదుటివాడు నోరు తెరవగానే విషయమంతా తనకు తెలిసిపోతుందని అక్కడి రాజు ఉద్దండవర్మ నమ్మకం. మనిషి చెడ్డవాడు కాదు, పిసినారీ కాదు. కానీ నాలుగు మాటలు వినగానే చేయెత్తి, గంభీరమైన గొంతుతో తీర్పు చెప్పేసేవాడు. సభలోవాళ్లు ఆహా అనేవాళ్లు. వచ్చినవాడు చెప్పదలచుకున్నది కడుపులోనే దాచుకుని ఇంటిదారి పట్టేవాడు.

ఆ రాజ్యపు కొండల్లో పొగనాగులు ఉండేవి. తాటిమానంత లావు ఒళ్లు, ఆ ఒంటికి ఏమాత్రం చాలని రెక్కలు. ఎగరలేవు పాపం, వాలు మీద జారుతూ దిగేవి. ఆడనాగు ఒక్క గుడ్డే పెట్టి, దాని చుట్టూ చుట్టుకుని, ముక్కుల్లోంచి వెచ్చని పొగ వదులుతూ పొదిగేది. ఎవరి జోలికీ పోయేది కాదు. కొండవాళ్లు దాని పక్కనే జొన్న పండించుకుని బతికేవాళ్లు.

పొరుగురాజు పులిని పెంచుకుంటున్నాడని విని, ఉద్దండవర్మకు తన సింహాసనం పక్కన పొగనాగు ఉండాలని కోరిక పుట్టింది. తల్లి మేతకు పోయిన సమయం చూసి భటులు గుడ్డు ఎత్తుకొచ్చారు. గుమ్మడికాయంత గుడ్డు. దాన్ని దీపాల సెగ తగిలేలా సభలో పట్టుపరుపు మీద ఉంచారు.

కొద్ది రోజులకు కొండపల్లె పెద్ద గురవమ్మ సభకు వచ్చింది. తమ ఇళ్లు కాలిపోతున్నాయని ఆమె మొదలుపెట్టగానే రాజు చేయెత్తి, కప్పులకు బండ్ల కొద్దీ కొత్త గడ్డి ఇప్పించాడు. ఆ గడ్డీ కాలిపోయింది. ఆమె మళ్లీ వచ్చి, "దొరా, తల్లినాగు కిందికి దిగి..." అంది.

"అర్థమైంది. రేపు బల్లేలవాళ్లు వెళ్లి దాన్ని చంపుతారు," అన్నాడు రాజు.

గురవమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆస్థానంలో కూచన అనే చమత్కారి ఉండేవాడు. అతను వచ్చి ఆమె పక్కన కూర్చుని, సంగతంతా చెప్పించుకున్నాడు. వినడానికి ఎంతోసేపు పట్టలేదు. అతన్ని ఎక్కువ బాధపెట్టింది అదే.

మర్నాడు బల్లేలవాళ్లు సెలవు తీసుకోవడానికి సభలో నిలబడ్డారు. కూచన గురవమ్మను వెంటబెట్టుకొచ్చి ఓ పక్కన నిలబెట్టి, తిన్నగా గుడ్డు దగ్గరికి వెళ్లి, చెవి ఆనించి విని, దిగులుగా తల ఊపి ఊరుకున్నాడు.

లోపల కదులుతోందా అని రాజు అడిగాడు. కూచన పలకలేదు. ఆకలా, అలకా అని అడిగాడు. కూచన పలకలేదు. మాట మొదలే పెట్టనివాణ్ణి మధ్యలో ఆపడం ఎలాగో రాజుకు తోచలేదు. చివరికి, "సరే, చెప్పు," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం సభకు అదే మొదటిసారి.

"భయపడుతోంది ప్రభూ. పొగనాగు పిల్ల గుడ్డులో ఉండగానే వింటుంది. పెద్ద గొంతు వినబడితే శత్రువనుకుని లోపల్నించి పెంకు మందం చేసుకుంటుంది. పొదిగే కాలంలో కొండవాళ్లు గుసగుసగానే మాట్లాడుకుంటారట. తమరు దాన్ని ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చుంటే పెంకు మెత్తబడుతుంది."

రాజు గుడ్డును ఒళ్లోకి తీసుకున్నాడు. కూచన గురవమ్మను ముందుకు పిలిచాడు.

"దొరా, నాగుకి కోపం లేదు," అని ఆమె మెల్లగా మొదలుపెట్టింది. రాజు చేయి లేచింది, నోరు తెరుచుకుంది. ఒళ్లో గుడ్డు చిన్నగా కదిలింది. రాజు నోరు మూసుకున్నాడు.

"గుడ్డు పెట్టినాక దాని రొమ్ములో వేడి పుడతాది. ఆ వేడంతా గుడ్డుకే ఇచ్చేత్తాది, అది లేందే పిల్ల పుట్టదు. గుడ్డు లేకపోతే వేడెక్కడికి పోద్ది? లోపల నిండిపోయి మంటై బయటికొత్తంది. బిడ్డని ఎతుక్కుంటా మా ఊళ్లోకి వత్తంది. అది ఏడుత్తా ఉంటే మా ఇళ్లు కాలిపోతన్నాయి. దాన్ని చంపమాకండి దొరా. గుడ్డిచ్చేయండి."

ఎవరూ ఆహా అనలేదు. రాజు గురవమ్మ వైపు తిరిగాడు.

"మొదటిసారి వచ్చినప్పుడూ ఇదే చెప్పాలనుకున్నావా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఇదే దొరా."

కాలిపోయిన గడ్డిబండ్లు తలుచుకుని రాజు సిగ్గుపడ్డాడు. బల్లేలవాళ్లను వెనక్కి పంపేశాడు. లేచి, గుడ్డును తన చేతులతో గురవమ్మ చేతుల్లో పెట్టాడు. తర్వాత కూచన వైపు తిరిగాడు.

"తల్లి వేడి లేనిదే అది పుట్టదని నీకు ముందే తెలుసు. మౌనంగా ఉండమన్నావు గానీ, ఆ మాట చెప్పలేదేం?"

"ఈ కొలువులో ఎవరి మాటా సగం దాటదు కదా ప్రభూ. అలవాటుకొద్దీ నేనూ సగమే చెప్పాను. మిగతా సగం ఈమె దగ్గరుంది."

రాజు పకపకా నవ్వబోయి, గుడ్డు ఇంకా అక్కడే ఉందని గుర్తొచ్చి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"నీకు బహుమానం ఇవ్వాలి. ఏం కావాలో నాకు తెలుసు, నువ్వు..." అంటూ చేయెత్తినవాడు ఆగిపోయాడు. ఎత్తిన చేయి దించుకుని, కూచన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

కూచన తొందరపడలేదు. తీరిగ్గా ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు. రాజు ఎదురుచూశాడు. సభంతా ఎదురుచూసింది.

"బహుమానం అందింది ప్రభూ," అని కూచన నమస్కరించి తన చోటికి వెళ్లి కూర్చున్నాడు.

ఆ తర్వాత రాజు మెడలోని హారం తీసి పంపాడు. కూచన దాన్నీ కాదనలేదు.