నోయెల్ ఊఁ కొట్టిన సాయంత్రం

నోయెల్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. కాసేపట్లో విశాఖపట్నంలోని పెద్ద హాల్లో కచేరీ. పైడితల్లి పాట, అతని గిటారు. ఆమెవి అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాటలు, అతనిది జాజ్ బాణీ. కాఫీ హోటళ్లలో, పెళ్లి విందుల్లో, జనం తింటూ తింటూ వింటుంటే వాయించుకుంటూ ఇద్దరూ ఇంతదాకా వచ్చారు. ఈ సాయంత్రం మెప్పిస్తే విదేశీ పర్యటన ఖాయమని నిర్వాహకులు మాటిచ్చారు.

అంత సంబరంలోనూ ఒక ముల్లు గుచ్చుకుంది. పాటలో ఖాళీ కనిపిస్తే చాలు, బస్సులో సీటు దొరికినట్టు నోయెల్ వేళ్లు దూకి కూర్చుంటాయి. రిహార్సల్లో పైడితల్లి మైకు కింద పెట్టేసింది.

"నన్ను ఊపిరి తీసుకోనియ్యవేటి నోయెలూ? ఇయ్యాల్టితో సరి. రేపట్నించి నీ దారి నీది, నా దారి నాది."

నోయెల్ పరుగున డిక్రూజ్ మాస్టారి దగ్గరికి వెళ్లాడు. చిన్నప్పుడు అతనికి గిటారు పట్టుకోవడం నేర్పింది ఆయనే. శిష్యుడి కచేరీ చూడ్డానికొచ్చి, స్టేజీ వెనక గదిలో వేరుశెనగకాయలు ఒలుచుకుంటున్నారు.

"ఖాళీల్లో నేను వాయించకపోతే, నేనున్నట్టు ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?"

అతను ఊపిరి తీసుకున్నాడో లేదో, మాస్టారు అందుకున్నారు. ఈ ఏడు శెనక్కాయల్లో గింజ లేదన్నారు. నోయెల్ మళ్లీ మొదలుపెట్టాడు. మాట ఆగగానే ఆయన మోకాలి నొప్పి ఎత్తుకున్నారు. ఇంకోసారి ఆగితే, కుర్రతనంలో ఓడ మీద బ్యాండు వాయించిన కథ. పైగా ఎంతో రసవత్తరంగా చెప్పారు. నోయెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నన్ను చెప్పనివ్వండి మాస్టారూ."

"ఊఁ" అన్నారు మాస్టారు.

నోయెల్ చెప్పాడు. ఆయన ఊఁ కొట్టారు. కోపమంతా చెప్పేశాక మరో ఊఁ. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. పైడితల్లి లేకపోతే తన గిటారు ఎవరూ వినరని అతనికి భయం. ఆ మాట తన నోట వస్తుందని అతనే అనుకోలేదు.

మాస్టారు ఒలిచిన గింజలు అతని చేతిలో పెట్టి, "పద, పిలుస్తున్నారు" అన్నారు.

హాలు కిక్కిరిసి ఉంది. పైడితల్లి అతని వంక చూడకుండానే పాట ఎత్తుకుంది. మొదటి చరణం చివర ఆగింది. నోయెల్ వేళ్లు అలవాటుగా ఉరకబోయాయి. పళ్ల బిగువున ఆపుకుని, ఒక్క తీగని మెత్తగా మీటాడు.

ఆమె చటుక్కున తల తిప్పి చూసింది. రెండో చరణంలో ఆమె గొంతు ఎక్కడికో లేచింది. జనం చప్పట్లతో తాళం అందుకున్నారు. నోయెల్‌కి ఒళ్లంతా పులకరించింది. మూడో చరణం అయ్యాక, ఎప్పటిలాగే ముగించబోయాడు. పైడితల్లి కళ్లతోనే వద్దని చెప్పి, పాడుతూనే ఉంది.

ఆ పాటకి నాలుగో చరణం ఉందని నోయెల్‌కి ఆ సాయంత్రమే తెలిసింది.