ఒంటె కళ్లకు గంతలు

శిష్యుడు ప్రశ్న అడిగితే కపర్ది స్వామి ఆ పూట జవాబు చెప్పడు. దారిలో ఏదో ఒకటి చెబుతుందిలే అన్నట్టు నడిచిపోతాడు. సింగన్న అడిగిన ప్రశ్నకు మాత్రం అంత వ్యవధి లేదు.

గోదావరి ఒడ్డు నుంచి వచ్చి ఎడారిలో పాక వేసుకున్న ఆ ఇద్దరికీ ఇన్నాళ్లూ నీళ్లిచ్చింది ఒంటెల కాపరులే. వాళ్లను ఆ నేల మీంచి తరిమేయాలని అక్కడి దొర ఠాకూరు వాళ్ల బావిని పట్టపగలు ఇసుకతో పూడ్పించాడు. గురుశిష్యులిద్దరూ కళ్లారా చూశారు. ఇవాళ పంచాయతీ. చూసింది చెబితే పాక తగలబెడతానని ఠాకూరు కబురు పంపాడు. ఏమీ చూడలేదంటే చాలట. పెద్దల దయ ఎప్పుడూ అలాగే ఉంటుంది.

"కాసేపు కళ్లు మూసుకుంటే మనకేం నష్టం స్వామీ?" అని సింగన్న అడిగాడు.

స్వామి కాపరులు పంపిన ఒంటె ఎక్కాడు. సింగన్న ముక్కుతాడు పట్టుకుని నడిచాడు. సగం దారిలో ఇసుకగాలి లేచింది. సింగన్న గానుగ ఆడించే ఇంట పుట్టినవాడు. ఎద్దుకు గంతలు కట్టిన చెయ్యి ఊరుకుంటుందా? జాలిపడి, తన ఉత్తరీయం విప్పి ఒంటె కళ్లకు బిగించి కట్టాడు. ఒంటె నిలబడిపోయింది. లాగితే గుర్రుమంది, అదిలిస్తే కూలబడింది. అవతల పంచాయతీ వేళ మించిపోతోంది.

స్వామి దిగి ఆ గుడ్డ ఊడదీశాడు. "దగ్గరికొచ్చి చూడు" అన్నాడు.

సింగన్న చూశాడు. రెండేసి వరసల పొడవాటి రెప్పవెంట్రుకలు ఇసుకకు తడికలా అడ్డం నిలిచాయి. వాటిని దాటి వచ్చిన దాన్ని, కంటి మూల నుంచి అడ్డంగా జరిగే మూడో రెప్ప తుడిచేస్తోంది. ఆ రెప్ప ఎంత పలచనంటే, మూసినా వెలుగు ఆగదు. మిగిలిన నలుసులు కన్నీటితో కొట్టుకుపోతున్నాయి. చూడబోతే ఒంటె ఏడుస్తున్నట్టే ఉంది, కానీ దారి చూసుకుంటోంది. కాసేపటికి తనే లేచి గాలికి ఎదురు నడిచింది.

పంచాయతీలో స్వామి చూసింది చూసినట్టు చెప్పాడు. ఎవరూ అడగకుండానే సింగన్న లేచి, తానూ చూశానన్నాడు. బావి మళ్లీ తవ్వించాలని పెద్దలు తీర్పు చెప్పారు. పాక సంగతి మరిచిపోయారా అని ఠాకూరు మెల్లగా అడిగాడు. స్వామి తన చేతిలోనే ఉండిపోయిన సింగన్న ఉత్తరీయాన్ని మడిచి అతని ముందు పెట్టాడు.

"ఇది ఉంచుకో ఠాకూరూ. తిరిగిన చోటే తిరిగే ఎద్దుకు పనికొస్తుంది. మేం దూరం పోవలసినవాళ్లం."

తిరిగి వస్తుంటే పాక ఉన్న దిక్కున పొగ లేచింది. సింగన్నకు కళ్లు నిండాయి. తుడుచుకుందామని భుజం తడుముకుంటే ఉత్తరీయం లేదు. అయినా అతను ఆ పొగ మీంచి చూపు తిప్పుకోలేదు.

స్వామి ఒంటె మీంచి అతని ముఖం చూశాడు.

"కారనీ నాయనా, నలుసు పోతుంది" అన్నాడు.