నాలుగో సిలిండరు

చీపురుపల్లిలో ఉండే తవిటినాయుడు మనిషి మంచివాడే గానీ, ఏ పనిలోనైనా కాస్త చెయ్యి తిరిగిందంటే చాలు, ఇక జాగ్రత్త తనకు అక్కర్లేదనుకునేవాడు.

ఆయన భార్య వరహాలమ్మ ఊరూరా హరికథలు చెప్పేది. ఆవిడా, హార్మోనియం, మృదంగం అన్నీ ఎక్కేది వాళ్ళ పాత కారే. పాపం, ఆ కారు ఇంజనులో వాల్వు సీళ్ళు అరిగిపోయాయి. లోపలికి నూనె కారి, స్టార్ట్ చేసినప్పుడల్లా నీలం పొగ కక్కేది. "కథ చెప్పడానికొచ్చారా, దోమల మందు కొట్టడానికొచ్చారా?" అని పిల్లలు కేకలేసేవారు. వరహాలమ్మకు తల కొట్టేసినట్టుండేది.

"ఆ సీళ్ళు నేనే మార్చేస్తాను, చూడు!" అన్నాడు నాయుడు.

ఆ సాయంత్రం ఆరింటికి రాజాంలో కథ. అక్కడివాళ్ళు పిలవడం అదే మొదటిసారి. వేళకు వెళ్ళకపోతే మళ్ళీ పిలవరని వరహాలమ్మ భయం. నాయుడు పొద్దున్నే పెరట్లో బానెట్ ఎత్తాడు. తెలిసిన మెకానిక్ ఒకడు ఆయనకు ముందే మరీ మరీ చెప్పాడు. "ప్లగ్గు కన్నంలోంచి తాడు దోపి, పిస్టన్‌ని పైకి తిప్పు. ఆ తాడే వాల్వు కింద పడకుండా ఆపుతుంది. తాడు లేకుండా వాల్వును పట్టి ఉంచే స్ప్రింగు విప్పావా, వాల్వు లోపలికి జారిపోతుంది. ఇక ఇంజను పైభాగమంతా ఊడదీయాల్సిందే బాబూ!"

ఇంజనులో ఉన్నవి నాలుగు సిలిండర్లు. మొదటిదానికి నాయుడు దేవుడికి దండం పెట్టుకుని తాడు దోపాడు. రెండోదానికి దండం మానేసి తాడు మాత్రం దోపాడు. మూడోది ఈల వేస్తూ ముగించాడు.

వరహాలమ్మ మజ్జిగ తెచ్చింది. "అదేంటండీ, తాడు పక్కన పడేశారు?"

"ఓసి పిచ్చిదానా, ఇంకా తాడెందుకే? మూడు చేశాను. నాలుగోది కళ్ళు మూసుకుని చేస్తాను!"

స్ప్రింగు నొక్కాడు, విప్పాడు. లోపల టక్కుమంది. వాల్వు మాయం!

నాయుడు గభాలున ప్లగ్గు కన్నంలోకి తొంగి చూశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు... అదే... జారిపోయింది."

అప్పటికే నాలుగు దాటింది. వెతగ్గా వెతగ్గా అయిదున్నరకు దొరికిన ఆటోలో, ఆవిడ ఒళ్ళో హార్మోనియం, ఆయన ఒళ్ళో మృదంగం పెట్టుకుని కూర్చున్నారు. అరగంట ఆలస్యంగా రాజాం చేరారు. కథ పెట్టించిన పెద్దాయన మొహం మాడ్చుకుని, "ఇదేనా అమ్మా వచ్చే వేళ?" అన్నాడు. వరహాలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని గజ్జెలు కట్టుకుంది.

హరికథ మధ్యలో నవ్వించడానికి ఒక పిట్టకథ చెప్పడం రివాజు. "ఒక ఊళ్ళో ఒక మగమహారాజు కారు బాగుచేయబోయాడు నాయనా..." అని ఆవిడ మొదలుపెట్టగానే నాయుడు తల వంచేసుకున్నాడు. తాడు, ఈల, మజ్జిగ, టక్కుమన్న చప్పుడు, ఒక్కటీ వదల్లేదు మహాతల్లి! పందిరంతా విరగబడి నవ్వింది. పెద్దాయన కడుపు పట్టుకుని, "ఎవరమ్మా ఆ మహారాజు?" అని అడిగాడు.

నాయుడు సిగ్గుపడుతూనే లేచి చేతులు జోడించాడు. "నేనేనండి బాబూ!"

"అయితే వచ్చే ఏడు కూడా మీ ఇద్దరూ రావాల్సిందే!" అన్నాడు పెద్దాయన. నాయుడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

పని వచ్చేసిందన్న ధీమా జాగ్రత్తను మింగేస్తుంది. మొదటిసారి ఎంత జాగ్రత్తగా చేశామో, ఆఖరిసారీ అంత జాగ్రత్తగానే చేయాలి.